ముసలితనానికి ఒడంబడిక: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వృద్ధుల పోషణ చరిత్ర

వృద్ధుల పోషణ ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగునాట ఒక కథ అలవాటుగా వినిపిస్తుంది. వెనుకటికి ఉమ్మడి కుటుంబం ఉండేదనీ, అందులో పెద్దవాళ్లకు ఏ లోటూ ఉండేది కాదనీ, చదువులూ పట్నాలూ వచ్చి ఆ కుటుంబం చీలిపోయాక వృద్ధాశ్రమాలు పుట్టుకొచ్చాయనీ దాని సారాంశం. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల చరిత్రను ఈ కథ పక్కన పెట్టి చూస్తే రెండింటికీ పొత్తు కుదరదు. ముసలివాళ్లను ఎవరు చూడాలన్న ప్రశ్న ఇక్కడ ప్రతి తరంలోనూ ఉంది, ప్రతి తరమూ తన బతుకుతెరువును బట్టి దానికొక ఏర్పాటు చేసుకుంది, ఆ ఏర్పాటు వెనుక పొలమో, మగ్గమో, తలకొరివి పెట్టే హక్కో ఉంటూ వచ్చింది. ప్రేమ లేదని దీని అర్థం కాదు. ప్రేమ ఒక్కదాన్నే నమ్ముకొని కూర్చోవడానికి ఈ నేల ఎన్నడూ తీరిక ఇవ్వలేదని మాత్రమే అర్థం.

ఆదోని పాత పేరు ఆదవాని. విజయనగర రాజుల కాలంలో గట్టి గిరిదుర్గంగా పేరుపడిన ఈ ఊరు, 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత బిజాపూరు ఆదిల్‌షాహీల చేతికి, 1688లో మొగలుల చేతికి, అటుపైన నిజాము సోదరుడు బసాలత్ జంగు జాగీరులోకి పోయి, 1786లో టిప్పు సుల్తాను ముట్టడికి లొంగి, చివరకు 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీ వారికి వదలిపెట్టిన దత్తమండలాలలో భాగమైంది. ఆ తరువాత నూటయాభై ఏళ్ల పాటు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు తాలూకాతో కలిసి కర్నూలు జిల్లాలో చేరింది. ఆదోనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎమ్మిగనూరు కూడా ఆదోని తాలూకాలోని ఊరే. ఈ పరిపాలనా చరిత్రకు వృద్ధుల పోషణతో ఏమి సంబంధమని అనిపించవచ్చు గానీ, తెలుగూ కన్నడమూ ఉర్దూ కలగలిసిన ఇళ్లలో బంధుత్వపు మాటలు, వారసత్వపు ఆచారాలు బళ్లారి వైపు నుంచి వచ్చినవే కాబట్టి, వాటి జాడలు కర్నూలు జిల్లా పత్రాలలో కంటే బళ్లారి జిల్లా పత్రాలలోనే ఎక్కువగా దొరుకుతాయి.

దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ స్థిరపరచిన రైత్వారీ పద్ధతి, అంటే జమీందారు ప్రమేయం లేకుండా ప్రభుత్వమే ఒక్కొక్క రైతు పేరున శిస్తు కట్టి పట్టా ఇచ్చే పద్ధతి, ఇంటి పెద్దకు ఒక కొత్త బలాన్ని ఇచ్చింది. పట్టా ఎవరి పేరున ఉందో రచ్చకట్ట మీద అందరికీ తెలుసు, చావడిలో కరణం లెక్కల్లోనూ అదే పేరు ఉంటుంది. కొడుకులు మడక దున్నినా, కోడళ్లు కళ్లం చేసినా, చేను ఆ ముసలాయనది. మట్టి మిద్దె పడసాలలో మంచం వేసుకొని కూర్చున్న తాతకు జొన్నరొట్టె వేళకు అందడానికి గౌరవం ఒక కారణమైతే పట్టా రెండో కారణం, ఈ రెంటిలో ఏది ముందన్నది ఇంటికొక విధంగా ఉండేది. అవ్వ పరిస్థితి వేరు. భర్త పోయాక ఆమెకు ఆస్తిలో వాటా ఉండేది కాదు, పోషణ హక్కు మాత్రమే ఉండేది. దీనినే న్యాయస్థానాల తెలుగులో మనోవర్తి అంటారు. 1937 నాటి చట్టం హిందూ వితంతువుకు భర్త వాటాపై జీవితకాలపు హక్కు ఇచ్చే వరకు, ఇచ్చాక కూడా వ్యవసాయ భూముల విషయంలో చిక్కులు తీరే వరకు, అవ్వ చేతిలో ఉన్న పరపతి అల్లా పిల్లలను సాకడం, పాడి చూడటం, విత్తనం దాచడం వంటి పనుల ద్వారా సంపాదించుకున్నదే.

ఇక కొడుకులు లేని ఇంటి సంగతి. ఈ ప్రాంతపు ఆచారాలలో వృద్ధుల పోషణను సూటిగా ఒప్పందం చేసినది ఇల్లటం. కొడుకు లేని రైతు, లేదా ఉన్న కొడుకు మరీ చిన్నవాడైన రైతు, కూతురికి పెళ్లి చేసి అల్లుణ్ణి తన ఇంటికే తెచ్చుకొని, సేద్యం అతని చేతిలో పెట్టి, తన ఆస్తిలో కొడుకుతో సమానమైన వాటా ఇస్తానని మాట ఇవ్వడమే ఇల్లటం. కన్నడం మాట్లాడే ఇళ్లలో అలాంటి అల్లుణ్ణి మనె అళియ అంటారు. బళ్లారి, కర్నూలు జిల్లాల మోటాటి కాపు లేక రెడ్డి కులంలో ఈ ఆచారం ఉన్నదని మద్రాసు హైకోర్టు 1881లో హనుమంతమ్మ, రామిరెడ్డి వ్యాజ్యంలో గుర్తించింది. ఆ తీర్పు, దాని తరువాత వచ్చిన మరికొన్ని తీర్పులు తేల్చిన అంశాలు ఆసక్తికరమైనవి. ఇల్లటపు అల్లుడు దత్తపుత్రుడు కాడు, తాను పుట్టిన ఇంటిలో వాటా పోగొట్టుకోడు, మామగారికి తరువాత కొడుకు పుట్టినా అతనితో సమానంగా పంచుకుంటాడు, కానీ ఆ హక్కు అతనికి అల్లుడైనందువల్ల రాదు, ఇల్లటపు ఒప్పందం ప్రకారం ఆ ఇంటికి వచ్చి పనిచేసినందువల్ల వస్తుంది. శాస్త్రంలో కనిపించని ఈ పద్ధతిని న్యాయమూర్తులు ఆచారం పేరుతో అంగీకరించారు గానీ, రైతు దృష్టిలో దానికి శాస్త్రం అవసరమే లేదు. నడుము వంగిన రోజున మడక పట్టేవాడు కావాలి, మడక పట్టేవాడికి నేల కావాలి. పెద్దమనుషుల ముందు తాంబూలంతో పాటు చెప్పుకున్న ఆ మాటలో మామా అత్తల పోషణ విడిగా పేర్కొనకపోయినా, అది లేకుండా ఇల్లటమనే మాటకు అర్థమే లేదు.

కొడుకూ లేక, అల్లుణ్ణి తెచ్చుకునేంత ఆస్తీ లేని ఇళ్లు కూడా ఒక దారి వెతికాయి, దాని ధర మాత్రం దారుణమైనది. బళ్లారి జిల్లాలోనూ, దాని చుట్టుపట్లా బోయ మొదలైన కులాల్లో కొడుకు లేని తండ్రి ఒక కూతురిని దేవుడి పేరున విడిచి బసివిని చేసేవాడు. బసివి అంటే పెళ్లి చేసుకోకుండా పుట్టింట్లోనే ఉండిపోయి, కొడుకులా ఆస్తి పొంది, తల్లిదండ్రులను చివరిదాకా సాకి, వాళ్ల కర్మ చేసే కూతురు. ఆమెకు పుట్టిన పిల్లలు తాత ఇంటిపేరుతోనే పెరిగేవారు. పోలీసు అధికారిగా పనిచేసిన ఫ్రెడ్ ఫాసెట్ 1890ల తొలినాళ్లలో బొంబాయి మానవశాస్త్ర సంఘం పత్రికలో ఈ ఆచారాన్ని గురించి రాసిన వ్యాసం, దేవుడికి అంకితమై మగవాడి హక్కులు పొందిన స్త్రీలుగా వీరిని వర్ణించింది. 1904లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన బళ్లారి జిల్లా గెజిటీరు కూడా కొడుకు లేనివాళ్లు దత్తతకు బదులుగా ఈ మార్గం పట్టేవారని, ఆ పిల్లలను తమ కులంలో తక్కువగా చూడరని నమోదు చేసింది. ఈ ఇద్దరు దొరల రాతల్లో ఒక రకమైన మెచ్చుకోలు ధ్వనిస్తుంది. తల్లిదండ్రుల ముసలితనానికి భరోసా కోసం ఒక పసిపిల్ల జీవితాన్ని తాకట్టు పెట్టడమే ఇందులో జరిగిందన్నది, ఆ పిల్లను ఎవరూ అడగలేదన్నది, ఆ మెచ్చుకోలు మధ్య మరుగున పడిపోయింది. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1947లో, ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టాలు చేశాయి. ఈ ఆచారాన్ని కేవలం మూఢభక్తిగా చదివినవారికి అది చట్టం వచ్చాక కూడా ఎందుకు వెంటనే పోలేదో అర్థం కాదు. దానికి ఒక కాలు గుడిలో ఉంటే రెండో కాలు ముసలివాళ్ల మంచం పక్కన ఉంది.

ఈ ఒడంబడికలన్నీ వాన కురిసినంత కాలం నడిచేవి. 1876లో మొదలై 1878 దాకా సాగిన ధాత కరువులో బళ్లారి జిల్లా మద్రాసు రాజధానిలోకెల్లా ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. 1871, 1881 జనగణనల మధ్య ఆ జిల్లా జనాభా సుమారు ఐదో వంతు తగ్గింది. నడవగలిగినవాళ్లు పని వెతుక్కుంటూ పోయినప్పుడు నడవలేనివాళ్లు మిద్దెల్లో మిగిలిపోయారు. ఆ కరువు తరువాత 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషను, దానిని అనుసరించి తయారైన కరువు నియమావళులు, పని చేయలేని ముసలివారికి, రోగులకు ఊళ్లోనే ఉచిత సాయం అందించాలని నిర్ణయిస్తూ, వారిని పోషించగలిగిన బంధువులు లేకపోవడాన్ని అర్హతగా తీసుకున్నాయి. గ్రామాధికారి జాబితా రాసే ముందు ‘నీకు ఎవరైనా ఉన్నారా’ అని అడగడం అప్పటి నుంచి ప్రభుత్వానికి అలవాటైంది. ప్రభుత్వం దృష్టిలో కుటుంబం అంటే ఖర్చు తప్పించుకునే సాకు. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం ముసలి తల్లిదండ్రులను పోషించే బాధ్యతను ముందు పిల్లల మీద పెట్టి, ఆ తరువాతే పన్నుల సొమ్ము ముట్టుకోనిచ్చింది. ఆ ఆలోచనే సముద్రం దాటి తాలూకా కచేరీకి చేరింది.

ఎమ్మిగనూరు చరిత్రలో నేల కంటే మగ్గానిది పెద్ద పాత్ర. పద్మశాలి, తొగట, కుర్ని మొదలైన కులాల నేతగాళ్లు ఉన్న ఈ ఊళ్లో, షావుకారుల అప్పుల్లో కూరుకుపోయిన మగ్గాలను ఒక గొడుగు కిందికి తేవడానికి మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పాడు. నూలు సంఘమే ఇచ్చి, బట్ట సంఘమే తీసుకొని, కూలి సంఘమే లెక్కగట్టే ఆ ఏర్పాటు తరువాతి దశాబ్దాలలో దేశమంతా చూసి వెళ్లే నమూనా అయింది, సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. సంఘం నేతగాళ్ల కోసం ఇళ్ల కాలనీ కూడా కట్టించింది. సహకారోద్యమ చరిత్రలో ఇవన్నీ తరచు చెప్పే సంగతులే. చెప్పనిది ఏమంటే, గుంతమగ్గం ఉన్న ఇల్లు ముసలితనానికి ప్రత్యేకమైన చోటు చూపిన ఇల్లు.

నేత పని ఒక్కరిది కాదు. చిలపల నూలును రాట్నం మీద కండెలకు చుట్టాలి, ఆసు పోయాలి, పడుగు సాగదీసి గంజి పెట్టాలి, తెగిన పోగులు అతకాలి, ఆ తరువాత గానీ గుంతలో కూర్చున్నవాడు నాడె విసరలేడు. నేతగాడికి యాభై దాటేసరికి కాళ్లు గుంతలో తొక్కలేవు, చూపు సన్నని పోగును పట్టలేదు. అప్పుడు అతను మగ్గం కొడుక్కి అప్పజెప్పి రాట్నం దగ్గరికి జరుగుతాడు, అవ్వ అప్పటికే అక్కడ ఉంటుంది. కండె చుట్టేందుకు పెద్ద బలం అక్కర్లేదు, కూర్చున్న చోటు నుంచి లేవనక్కర్లేదు, మగ్గం ఆగకుండా ఉండాలంటే మాత్రం అది క్షణం తప్పకూడదు. అందువల్ల నేత ఇంట్లో ముసలాయన తిండి తినే మనిషిగా కాక, తాను లేకపోతే మధ్యాహ్నానికి మగ్గం నిలిచిపోయే మనిషిగా ఉండేవాడు. అతనికి మందు ఇవ్వడం, మంచినీళ్లు అందించడం, వెచ్చని చోట కూర్చోబెట్టడం ఎవరో ప్రత్యేకంగా చేసే సేవలు కావు. మగ్గానికీ రాట్నానికీ మధ్య నాలుగు గజాల దూరంలో, పని మధ్యలోనే అవి జరిగిపోయేవి. ఈ కాలపు సంరక్షణ శాస్త్రం ‘అర్థవంతమైన దినచర్య’ పేరుతో వృద్ధుల కోసం వెతుకుతున్నది అదే. అయితే దీనిని మరీ బంగారు కాలంగా ఊహించుకోకూడదు, ఎందుకంటే ఆ రాట్నం పనికి కూలి లేదు. సంఘం లెక్కగట్టిన కూలి బట్టకే గానీ కండెకు కాదు, ముసలివాళ్ల, ఆడవాళ్ల, పిల్లల పని ఆ బట్ట ధరలో కరిగిపోయేది. మరమగ్గాల పోటీకి చేతిమగ్గం తగ్గుతూ వచ్చి, కొడుకులు వేరే పనులకు మళ్లినప్పుడు, రాట్నం కూడా అటక ఎక్కింది, దానితో పాటు ముసలితనానికి ఉన్న పని కూడా పోయింది. రాష్ట్ర ప్రభుత్వం నేతగాళ్లకు 50 ఏళ్లకే పింఛను అర్హత ఇవ్వడం ఈ వృత్తి శరీరాన్ని ఎంత త్వరగా అరగదీస్తుందో అంగీకరించడమే.

ఆదోని పట్టణం దారి మరొకటి. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో బొంబాయి, మద్రాసులను కలిపిన రైలుదారి మీద స్టేషను రావడంతో పత్తి వ్యాపారం పెరిగి, జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు వెలసి, ఊరికి రెండో బొంబాయి అన్న పేరు తెచ్చాయి. మిల్లు కూలికి పోయే ఇంట్లో ముసలితనానికి ఇచ్చే పని వేరుశనగ కాయలు ఒలవడం. విత్తనానికి వాడే గింజ పగలకూడదు కాబట్టి, ఆ పని యంత్రానికి కాక అవ్వల వేళ్లకు వచ్చేది, కొలత లెక్కన కాసిన్ని డబ్బులు వచ్చేవి. బిజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూదు ఖాన్ కట్టించిన జామా మసీదు చుట్టూ పెరిగిన ముస్లిం మొహల్లాలలో తల్లిదండ్రుల పోషణ మతధర్మంలో భాగం. దానికి సంబంధించిన ఒక సూక్ష్మమైన నియమం ఇక్కడ గమనించదగ్గది: ఏటా పేదలకు తీయవలసిన జకాత్ సొమ్మును సొంత తల్లిదండ్రులకు ఇస్తే చెల్లదు. వాళ్లను పోషించడం దానం కాదు, బాకీ. బాకీని దానం ఖాతాలో రాయడానికి వీల్లేదన్న ఈ తర్కం, ఇల్లటం ఒప్పుకున్న రైతు తర్కానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఆస్తి పంపకాలు జరిగిన ఇళ్లలో వంతుల పద్ధతి నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. అంటే తల్లిదండ్రులు నెలకు ఒక కొడుకు ఇంట్లో, లేదా తల్లి ఒకరి దగ్గర తండ్రి ఒకరి దగ్గర ఉండటం. ముందుచూపు ఉన్న పెద్దలు భాగాలు పంచేటప్పుడే కొంత చేను తమ పేరున అట్టిపెట్టుకొని, తమను ఎవరు చూస్తే వాళ్లకే అది చెందుతుందని చెప్పేవారు. ఎనభై ఏళ్ల దంపతులను రెండిళ్లకు విడదీసిన ఈ లెక్కను సమానత్వమని పిలవడం కష్టం. కూతుళ్ల ఊసు ఈ లెక్కలో లేదు. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చేలా చేసిన సవరణ పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, 2005లో కేంద్ర చట్టం దానిని దేశమంతటికీ, పెళ్లైన కూతుళ్లకూ విస్తరించింది. అంతకుముందే, 1987లో, తల్లిదండ్రుల పోషణ బాధ్యత పెళ్లైన కూతురిపైనా ఉంటుందని సుప్రీంకోర్టు ఒక మరాఠీ తండ్రి కేసులో తేల్చింది. బాధ్యత ముందు వచ్చి హక్కు వెనుక రావడం ఆడపిల్లల విషయంలో కొత్త కాదు.

ఈ పాత ఏర్పాట్లన్నిటినీ ఒక్కసారిగా కుదిపినది సుగ్గి. సుగ్గి అనేది కోతకాలాన్ని సూచించే కన్నడ మాట. పడమటి కర్నూలులో ఇప్పుడది ఆ కాలంలో కూలి కోసం ఇల్లు విడిచి పోవడానికి పేరుగా స్థిరపడింది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని మండలాల పల్లెల నుంచి ఖరీఫు పంట ఎండిపోయిన ఏడాది, ఎండకపోయినా అప్పు తీరని ఏడాది, కుటుంబాలకు కుటుంబాలు లారీలు ఎక్కి గుంటూరు మిరప తోటలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు, హైదరాబాదు కట్టడాల దగ్గరికి పోతాయి. తుంగభద్ర పక్కనే పారుతున్నా, దిగువ కాలువ చివరి చేలకు నీరు అందడం ప్రతి ఏటా సందేహమే. వలస పోయే ఇంటి తలుపుకు తాళం పడితే, ఆ తాళం చెవి అవ్వ కొంగుకు ఉంటుంది. పనికి వెళ్లలేని తాత, బడికి వెళ్లే మనవడు, మేకలు రెండు, ఇంటికి మిగిలేది ఇంతే. అంటే సంరక్షణ పొందవలసిన వయసులో ఆమె సంరక్షకురాలవుతుంది. తమను చూడవలసిన కొడుకూ కోడలూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరాన గుడారంలో ఉంటారు, ఫోనులో మాట వినిపిస్తుంది, జ్వరం వస్తే నీళ్లు ఇచ్చేది పక్కింటివాళ్లే. వలస పోయిన వాళ్ల పిల్లలు చదువు మానకుండా ఉండేందుకు ప్రభుత్వం ఈ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు, అంటే వలస నెలల్లో మాత్రమే నడిచే వసతి కేంద్రాలు, నడుపుతూ వచ్చింది. ఆ పిల్లల పక్కనే మిగిలిపోయిన అవ్వల కోసం కూడా ఆ కొన్ని నెలలు పూటకింత వండిపెట్టే కేంద్రం ఉండాలన్న ఆలోచన అదే స్థాయికి ఎదగలేదు. ఇది పెద్ద ఖర్చు కాదు, బడి వంటగది అక్కడే ఉంది.

సుగ్గి కాలంలో ఆ ఇంటిని నిలబెట్టేది పింఛను. 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకం మొదలైనప్పుడు 65 ఏళ్లు దాటిన నిరుపేదకు కేంద్రం ఇచ్చినది నెలకు 75 రూపాయలు. సొంత ఆదాయమూ, కుటుంబం నుంచి వచ్చే ఆధారమూ లేనివారే అర్హులన్నది అప్పటి నిబంధన, కరువు నియమావళి అడిగిన ప్రశ్నే మళ్లీ. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మొత్తం 2006లో 200, 2014లో 1,000, 2019 జనవరిలో 2,000 రూపాయలకు పెరిగి, 2024లో 4,000 రూపాయలైంది. అర్హత వయసు 60కి తగ్గింది, 2020 నుంచి డబ్బు ఇంటి గడపకే వచ్చి చేతికి అందడం మొదలైంది. కొడుకు చూడకపోతేనే ఇచ్చే డబ్బు అన్న భావన ఈ క్రమంలో చెదిరిపోయి, ముసలివాళ్లకు తమ పేరున వచ్చే ఆదాయం అన్న భావన స్థిరపడింది. పాత పట్టా చేసిన పనిని ఇప్పుడు పింఛను చేస్తోందని అనడం అతిశయోక్తి కాదు. పింఛను వచ్చే అవ్వ మాట ఇంట్లో చెల్లుతుంది, ఒకటో తేదీన మనవళ్లు ఆమె చుట్టూ చేరతారు. రెండు నెలలు వరుసగా తీసుకోలేకపోయినవారికి మూడో నెలలో అంతా కలిపి ఇచ్చే వెసులుబాటు వచ్చాక, కొడుకు వెంట కొన్నాళ్లు బెంగళూరు వెళ్లి రావడం కూడా వీలైంది.

చట్టం మాత్రం కుటుంబాన్ని వదల్లేదు. 1898 నాటి పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలో భార్యకూ పిల్లలకూ మాత్రమే ఉన్న తక్షణ మనోవర్తి హక్కును 1973 స్మృతి 125వ సెక్షను తల్లిదండ్రులకూ ఇచ్చింది. 2007 చివరలో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం దానిని కోర్టు గది నుంచి రెవెన్యూ డివిజను కార్యాలయానికి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2011లో దీనికి నియమాలు చేసింది. ఆదోని, ఎమ్మిగనూరు వృద్ధులు ఆదోని డివిజను అధికారి ముందున్న ట్రిబ్యునలుకు తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు, నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి నిర్ణయించే అధికారం ఆ ట్రిబ్యునలుకు ఉంది. పిల్లలు లేని వృద్ధుల విషయంలో ఈ చట్టం చెప్పినది చరిత్ర చదివినవారిని ఆపి ఆలోచింపజేస్తుంది: ఆ వృద్ధుడి ఆస్తి ఏ బంధువుల స్వాధీనంలో ఉందో, లేదా ఏ బంధువులకు వారసత్వంగా రానుందో, స్తోమత ఉంటే అతని పోషణ భారం వాళ్లదే, ఒకరి కంటే ఎక్కువ మంది ఉంటే వారికి రాబోయే ఆస్తి నిష్పత్తిలో. ఇల్లటం పేరు ఎక్కడా లేకుండా ఇల్లటపు సూత్రాన్ని పార్లమెంటు చట్టంగా రాసింది.

అదే చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి చోటున్న వృద్ధాశ్రమం ఉండవచ్చునని కూడా చెప్పింది. వృద్ధాశ్రమమనే మాట కింద ఈనాడు రెండు వేర్వేరు సంస్థలు నడుస్తున్నాయి. ఒకటి దిక్కులేనివారికి తిండీ నీడా ఇచ్చే ధర్మసంస్థ. రెండోది డబ్బు తీసుకొని నడిపే అసిస్టెడ్ లివింగ్ నివాసం, అంటే తమ గదిలో తాము ఉంటూ, స్నానం, మందులు, నడక వంటి వాటిలో కావలసినంత మేరకే సాయం పొందే చోటు. ఈ రెండో పద్ధతికి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1980ల తొలినాళ్లలో రూపం ఇచ్చిన కెరెన్ బ్రౌన్ విల్సన్, పక్షవాతం వచ్చి నర్సింగు హోములో పడిన తన తల్లి కోరికలను బట్టి గదికి సొంత తాళం, సొంత వంటచోటు ఉండాలని పట్టుబట్టింది. హైదరాబాదు, బెంగళూరు నగరాలలో పెరుగుతున్న ఇలాంటి నివాసాలకు ఆదోని వ్యాపారి కుటుంబాల పిల్లలు తమ పెద్దలను పంపగలరేమో గానీ, కోసిగి కూలికి అది ఊహకందని మాట. అయినా ఈ రెండు రకాల చోట్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: గేటు లోపలికి వెళ్లిన తరువాత కుటుంబం రోజువారీ బతుకులో ఏ పని చేస్తుంది?

నెలకొకసారి పండ్ల సంచితో వచ్చి గంట కూర్చొని వెళ్లడం పలకరింపు, అందులో పాలు పంచుకోవడం లేదు. మగ్గం ఇంట్లో కొడుకు తండ్రి ఆరోగ్యాన్ని గమనించినది కండె చుట్టే వేగం తగ్గినప్పుడు. రొట్టె తినడం మానేసి సంగటి అడిగినప్పుడు కోడలికి అత్త పళ్ల సంగతి తెలిసేది. జీతగాళ్లు ఎంత మంచివాళ్లయినా ఈ రకమైన గమనింపు వాళ్లకు ఏళ్ల తరబడి పోగైన జ్ఞాపకం లేకుండా రాదు. అందుకే ఆశ్రమం ఊరికి దగ్గరగా ఉండటం, భాష తెలిసినవాళ్లు ఉండటం, కుటుంబం వారానికి ఒక పూటైనా అక్కడి వంటలోనో, స్నానం చేయించడంలోనో చేయి కలపడం అలంకారాలు కావు. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడే ఆదోని అవ్వను విజయవాడ ఆశ్రమంలో పెడితే ఆమె సగం మాటలు అక్కడ ఎవరికీ అందవు. జొన్నరొట్టె తట్టడం రానివాళ్ల చేతి వరి అన్నంతో ఆమె కడుపు నిండినా పూట గడిచినట్టుండదు.

పాత ఒడంబడికలలో బసివి ఆచారం పోవడం మేలే, కూతురికి హక్కు వచ్చాక ఇల్లటం అవసరమూ తగ్గింది. మిగిలినది షరతు. 2007 చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చిన వృద్ధుణ్ణి తీసుకున్నవారు చూడకపోతే ఆ దానపత్రాన్ని రద్దు చేయవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది, 2025 జనవరి 2న మరొక కేసులో ఈ సెక్షనును వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా చదవాలని చెప్పింది. రెండు తీర్పుల మధ్య తేడాపై న్యాయవాదులు వాదించుకుంటారు. ఎమ్మిగనూరులోనో ఆదోనిలోనో కొడుకు పేరున, కూతురి పేరున ఇల్లు రాసిచ్చేందుకు రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లే పెద్దలు ఆ వాదన తేలేదాకా ఆగనక్కర్లేదు. వెనుకటి రైతు ఇల్లటపు మాటను పెద్దమనుషుల ముందు చెప్పించుకున్నట్టే, ‘మా జీవితకాలమంతా మమ్మల్ని పోషించాలన్న షరతుపై ఈ ఆస్తి ఇస్తున్నాము’ అన్న ఒక్క వాక్యాన్ని దస్తావేజులో రాయించుకొని, వేలిముద్ర వేసే ముందు దానిని ఎవరి చేతనైనా గట్టిగా చదివించుకోవాలి.